ఒంటి మచ్చ - ఇంటి మాట

మేము బెంగుళూరు చేరి నాలుగు తరాలయింది. బజారులో కన్నడం, బడిలో ఇంగ్లీషు, ఇంట్లో మాత్రం తెలుగు. ఓదార్పు మాట ఇంటి భాషలో వింటే ఎంత హాయో, ఎత్తిపొడుపు మాట అదే భాషలో వింటే అంత బాధ. ఈ సంగతి మా అన్నయ్యగారి అమ్మాయి విషయంలో మాకు బాగా తెలిసివచ్చింది.

పదహారో యేట ఆ పిల్లకు పెదవి అంచునా, వేళ్ళ కణుపులమీదా తెల్లమచ్చలు వచ్చాయి. బొల్లి అన్నారు చర్మవైద్యులు. శరీరాన్ని కాపాడవలసిన శక్తే పొరపాటున చర్మానికి రంగునిచ్చే కణాలను దెబ్బ తీయటంవల్ల వస్తుందట. అంటు కాదు. కుష్ఠుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. పూతమందులున్నవి, వెలుతురు చికిత్స ఉన్నది. కొందరికి రంగు తిరిగి వస్తుంది, కొందరికి రాదు.

కాని చుట్టాల నోట "తెల్లకుష్ఠు" అనే పాతమాట పోలేదు. "పెళ్ళెట్లా?" అని ఒకరు, "చేపా పాలూ కలిపి పెట్టారేమో" అని మరొకరు. పిల్ల పేరంటాలు మానింది. నడివేసవిలోనూ పొడుగుచేతుల జాకెట్టే. చివరకు అద్దంమీద తువ్వాలు కప్పింది. అప్పుడు మానసిక చికిత్స చేసే ఒకామె దగ్గరకు తీసుకొని వెళ్ళాం.

తప్పు చేశానన్న బాధ వేరు, నేనే ఒక తప్పునన్న సిగ్గు వేరు అన్నారామె. మొదటిదానికి దిద్దుబాటు ఉంది. రెండోది మనిషిని దాక్కోమంటుంది. ఇటువంటివారికోసమే ఇంగ్లండు మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు పాల్ గిల్బర్ట్ కరుణ ప్రధానమైన చికిత్స ఒకటి రూపొందించాడు. తర్కంతో నచ్చజెబితే బుద్ధి ఒప్పుకుంటుంది గాని, తనను తాను తిట్టుకునే లోపలి గొంతు మెత్తబడదని ఆయన గమనించాడు.

ఆమె చేయించినవి చిన్నపనులే. ఊపిరి నిదానంగా తీసి వదలటం. ఈ మచ్చలే స్నేహితురాలికి వస్తే ఏమని రాస్తావో ఆ ఉత్తరం నీకే రాసుకోవటం. మచ్చలు పోతాయని ఒక్కనాడూ ఆశ పెట్టలేదు. "నిన్ను నొప్పించిన మాటలు మాత్రం తెలుగులోనే చెప్పమ్మా" అనేవారు. ఆరునెలలకు పిల్ల పొట్టిచేతుల జాకెట్టుతో ఒక పెళ్ళికి వచ్చింది. ఎవరో చెయ్యి చూసి ఆగితే, "బొల్లి అత్తయ్యా, అంటదులెండి" అని పులిహోర వడ్డించింది.

నలుపనీ, లావనీ, ఆడామగా లెక్కలో ఇమడలేదనీ కుంగేవారి సిగ్గుకూ వేరు ఇదే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కులం, మతం, లింగం, లైంగికత అనే భేదం లేకుండా అందరికీ చికిత్స హక్కు ఇచ్చింది. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా దొరుకుతుంది. అందులో తెలుగు కూడా ఉన్నది.

మచ్చను మాన్పటం అన్నివేళలా వైద్యుల చేతిలోనూ లేదు. మాటను మార్చుకోవటం మాత్రం ప్రతి ఇంటి చేతిలోనూ ఉన్నది గదా!