మసి కనపడని రంగు

వంటింటి రంగుల గురించి రాస్తానంటే తెలిసినవాళ్ళు నవ్వారు. 1985 కారంచేడు గురించో, 1991 చుండూరు గురించో రాయాల్సిన చోట గోడకి ఏ రంగేశామన్న ముచ్చటేందన్నారు. నవ్వితే నవ్వారు. మాకు గోడ వొచ్చి ఎన్నాళ్ళయిందని? ఆ గోడ రంగు ఎవరు చెప్పారు, ఎవరు వేశారు, వేసేవాడు ఏ గడప దగ్గర ఆగిపొయ్యాడు, ఇవన్నీ రాస్తే అదీ మా చరిత్రే.

మాది నెల్లూరు జిల్లా కొడవలూరు. పెన్నా కాలవల కింద వరి పండే నేల. ఆ వరి నాటేదీ, కలుపు తీసేదీ, కోసేదీ మావాళ్ళే. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. బి.ఇడి. చేసి, డియస్సీ రాసి గవర్నమెంటు బళ్ళో టీచరునయ్యాను. అమ్మకి కాలనీలో ఇచ్చిన స్థలంలో లోను పెట్టి ఇల్లు కట్టుకున్నాం. హాలుకి, పడగ్గదికి రంగులు అరగంటలో తేలిపొయ్యాయి. వంటింటి దగ్గర మాత్రం వారం రోజులు పట్టింది.

నా చిన్నప్పుడు మాకు వంటిల్లు లేదు. గుడిసె ముందర తాటాకు పంచ, దాని కింద పొయ్యి. వాన వొస్తే పొయ్యి లోపలికి, ఎండ వొస్తే బయటికి. కంపపుల్లలు, పిడకలు. పచ్చి కంప అయితే ఇల్లంతా పొగ. ఊదీ ఊదీ అమ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే వుండేవి. తాటాకు లోపలివైపు నల్లగా నిగనిగలాడేది. తల తగిలితే జుట్టుకి మసి, చెయ్యి తగిలితే చేతికి మసి. బళ్ళో నా గౌను మీద మసి చూసి పక్కపిల్లలు జరిగి కూచునేవాళ్ళు. వాళ్ళు జరిగింది ఒక్క మసికే కాదని తర్వాత తెలిసింది. 1999లో దీపం పథకం కింద ఆడోళ్ళకి గ్యాసు కనెక్షన్లిచ్చారు. మాకూ వొచ్చింది. సిలిండరు అయిపోతే మళ్ళీ కొనే డబ్బుల్లేక మళ్ళీ పుల్లల పొయ్యే.

అయినా అమ్మ ఆ గుడిసెకి రంగులు వేసేది. సంక్రాంతి ముందర మట్టిగోడని పేడనీళ్ళతో అలికేది. అడుగున మూరెడెత్తు జాజు పూసేది. జాజు పైన సున్నంతో సన్నటి పట్టె లాగేది. పొయ్యిగడ్డకి కూడా జాజు పూసి మూడు తెల్లచుక్కలు పెట్టేది. నేల పచ్చదనం కలిసిన మట్టిరంగు, దాని పక్కన ఎరుపు, ఎరుపు మీద తెలుపు. ఏ రంగు పక్కన ఏ రంగు నిలబడద్దో ఆమెకి ఏ బళ్ళోనూ చెప్పలేదు. ఇప్పుడు షాపుల్లో ‘కలర్ స్కీమ్’ అని పుస్తకం తెరిచి చూపించేది ఇదే.

నాయన సున్నం కొట్టేవాడు. గుల్లలు బట్టీలో కాల్చి తీసిన గుల్లసున్నం. నీళ్ళు పోస్తే కుతకుతా ఉడికేది. చల్లారినాక వడకట్టి, పట్టు కోసం జిగురు కలిపి, చివరికి చిటికెడు నీలిమందు వేసేవాడు. “నీలి జాస్తయితే గోడ నీలంగా కనపడద్ది, తక్కువైతే పచ్చబారద్ది. వేసినట్టు తెలవకూడదు, వెయ్యకుండా వుండకూడదు” అనేవాడు. తెలుపు తెల్లగా కనపడాలంటే కంటికి అందనంత నీలం కావాలన్న సంగతి సైన్సు పుస్తకం కంటే ముందు నాకు ఆయనే చెప్పాడు.

పండగలకి కామందుల ఇళ్ళన్నిటికీ ఆయనే సున్నం కొట్టేది. ప్రహరీ, వసారా, పశువుల కొట్టం అన్నీ ఆయన చేతి మీదే. వంటిల్లు, దేవుడి గది మాత్రం కాదు. ఆ గడప దగ్గర కుంచె ఆగిపొయ్యేది. నాయన బకెట్టు అక్కడ పెట్టి పక్కకి జరిగితే, ఇంకో కులపాయన వొచ్చి దాన్ని లోపలికి తీసుకుపొయ్యేవాడు. అదే సున్నం. నాయన చేత్తో కలిపిందే. మనిషికున్న అంటు సున్నానికి లేదు.

ఆ గడప ఇప్పటికీ ఎక్కడికీ పోలేదు. మధ్యాహ్న భోజనం వండటానికి దళితుల్నీ ఎస్సీ ఎస్టీలనీ ముందుగా తీసుకోవాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న చెప్పింది. అంత పెద్ద కోర్టు పొయ్యి దగ్గరికి ఎందుకు రావాల్సి వొచ్చిందో ఆలోచించండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నెల్లూరులో అద్దె ఇంటికి తిరిగాను. ఒకామె హాలు చూపించింది, పంపు చూపించింది. వంటిల్లు చూపించే ముందు “మీరేమిట్లు?” అని అడిగింది. చెప్పాను. వంటిల్లు చూపించలేదు. బంధువులొస్తున్నారంట. ఆఖరికి దొరికిన ఇంట్లో వంటింటి గోడకి లేతాకుపచ్చ డిస్టెంపరు. తాళింపు వేసినప్పుడల్లా పెచ్చులు రాలేది. మేకు కొట్టకూడదు, రంగు మార్చకూడదు. నాలుగేళ్ళు ఎవరిదో రంగు మధ్యన వండుకున్నాను.

అందుకని సొంత వంటింటి దగ్గర అందరికీ మాటలొచ్చాయి.

“తెల్లది వొద్దమ్మే. మసి కనపడని రంగెయ్యి” అన్నది అమ్మ.

“గ్యాసు మీద వండతా వుంటే మసేందమ్మా?”

“మసి గాకపోతే జిడ్డు. ఎవురన్నా వొచ్చి చూస్తే, ఈళ్ళకి మిద్దె కట్టించినా ఇంతే అంటారు.”

ఆమె భయం గోడ గురించి కాదు. బతుకంతా మురికిగాళ్ళన్న మాట పడినామె. మురికి కనపడకుండా చేసుకోవటమే ఆమెకి తెలిసిన మర్యాద.

తమ్ముడు అంబేద్కర్ సంఘంలో తిరుగుతాడు. “నాలుగు గోడలూ నీలమే వేద్దాం అక్కా. మన జెండా రంగు” అన్నాడు. 1942లో బాబాసాహెబ్ పెట్టిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ నాటి నుంచీ నీలం మనది. వాడి మాట తీసెయ్యలేం. మా ఆయన మాత్రం మేస్త్రీకి రోజుకూలి పడతా వుందని గుర్తుచేశాడు.

నెల్లూరులో రంగుల షాపుకి అమ్మని తీసుకుపొయ్యాను. షాపాయన ఏ ఊరన్నాడు. కొడవలూరు అన్నాను. ఊళ్ళో ఏ పక్కన్నాడు. కాలనీ అన్నాను. చేతిలో వున్న పెద్ద కార్డు లోపల పెట్టేసి చిన్నది తీశాడు. గులాబి, చిలకపచ్చ, ముదురు పసుపు. “మీ పక్కోళ్ళంతా ఇయ్యే తీసుకపోతారు” అన్నాడు. “ఆ పెద్ద కార్డు ఇవ్వండి” అన్నాను. ఇచ్చాడు. గులాబి రంగు మీద నాకేం కోపం లేదు. మా ఇష్టం మాకంటే ముందు ఆయనకి తెలిసిపోవటం మీదే కోపం.

పెద్ద కార్డులో వందల తెలుపులు, అన్నిటికీ ఇంగ్లీషు పేర్లు. అమ్మకి చదువు రాదు. వేలు పెట్టి చెప్పుకుంటా పొయ్యింది. “ఇది గంజి. ఇది మజ్జిగ తేట. ఇది మొలగొలుకులు కడిగిన నీళ్ళు.” షాపాయన తలెత్తి చూశాడు. అన్ని తెలుపుల్లో తేడా ఒక్క చూపులో పట్టేసిందామె.

కార్డు మీద చూసి రంగు తేల్చకూడదు. కొత్త పూత గోడని నెలరోజులు ఆరనిచ్చి, పుట్టీ, ప్రైమరు అయినాక, నాలుగు రకాలు తెచ్చి గోడ మీదే అడుగు చదరం చొప్పున పూయించాను. పొద్దున, మధ్యాన్నం, రాత్రి లైటేసి చూశాం. మా వంటింటికి ఒకటే కిటికీ, అదీ ఉత్తరానికి. నేరుగా ఎండ పడదు. తమ్ముడి ముదురు నీలం పగలు బాగుంది. రాత్రికి నల్లబడింది. నీలం వెలుతురు తాగేస్తే ఆ చీకట్లో కూరగాయలు తరిగేది అమ్మా, నేనూ. తమ్ముడు కాదు.

వాడికి ఒక సంగతి చెప్పాను. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో మునిసిపాలిటీ కట్టించే ఇళ్ళకి మార్గరెట్ షుట్టే-లిహొట్స్కీ అనే ఆమె ఒక వంటిల్లు గీసింది. వండే మనిషి ఎన్ని అడుగులు వేస్తుందో లెక్కపెట్టి గీసింది. అందులో చెక్క బీరువాలకి నీలం వేశారు. నీలం మీద ఈగలు వాలవని అప్పట్లో అనుకునేవాళ్ళు. ఈగల మాట ఎట్టా వున్నా, వండే మనిషికి ఏం పనికొస్తుందని అడిగి రంగు వేశారు. మనమూ అదే అడగాలి గదా అన్నాను.

రంగుల జత అన్నం తిన్నట్టే. అన్నం ఎక్కువ, పులుసు కొంచెం, ఊరగాయ చిటికెడు. మూడూ సమానంగా కలిపితే ఎవరూ తినలేరు. మార్చలేనిదాన్నుంచి మొదలుపెట్టాలి. మా గట్టు నల్ల కడపరాయి, అది మారదు. నలుపు పక్కన లేతరంగు ఇంకా తేటగా కనపడద్ది. అందుకని గోడలకి అమ్మ చెప్పిన కడిగిన బియ్యం నీళ్ళ రంగు, నీలం చాయ వుండీ లేనట్టు. నాయన చిటికెడు. తుడిస్తే పొయ్యే ఎమల్షను, రెండు కోట్లు. పొయ్యి వెనక తాళింపు చిందే మేర తెల్ల టైల్సు. గోడ అడుగున మూరెడెత్తు జాజు ఎరుపు, దాని పైన తెల్లపట్టె, అమ్మ గుడిసెకి వేసినట్టే. వెనక తలుపుకి తమ్ముడి ముదురు నీలం.

తలుపుకి వాడు ఎక్కణ్ణుంచో పాత ఎనామిలు డబ్బా తెచ్చాడు. వొద్దన్నాను. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం పదిలక్షల భాగాల్లో 90కి మించకూడదని 2016లో రూలు తెచ్చారు, 2017 నవంబరు నుంచి అమలు. అంతకు ముందరి డబ్బాల్లో ఎంత వుందో ఎవరికెరుక? చంటిపిల్లలు గోడలు గీకే ఇల్లు. సీసం లేదని డబ్బా మీద రాసింది చూసి కొత్తది తెచ్చుకున్నాం.

అమ్మ మాత్రం చివరిదాకా గొణుగుతానే వుంది. “కనపడద్దమ్మే, కనపడద్ది.” కనపడనీ అన్నాను. కనపడితే తుడుస్తాం. మామూలు ఇళ్ళల్లో జరిగేదదే. నల్లరంగు కింద దాచిపెట్టాల్సిన జిడ్డు మనదొక్కళ్ళదే కాదు. ఆమె ఒప్పుకున్నట్టు లేదు గానీ ఊరుకుంది.

రెండో కోటు ఆరిన రోజు సాయంత్రం అమ్మ వంటింట్లోకి వొచ్చింది. గోడ మీద అరచెయ్యి ఆనించి, తీసి, వెలుగులో పెట్టి చూసుకుంది. గుడిసెలో మసి చేతికొచ్చేది, కాలనీలో సున్నం చేతికొచ్చేది. మళ్ళీ ఆనించింది.

“అంటటంలే” అన్నది.

తర్వాత కొంగు దోపుకుని, ఎసరు గిన్నె కడపరాయి మీద పెట్టి బియ్యం కడగటం మొదలుపెట్టింది.