సంసారం అనే సెంటు

2005లో మా వదిన అమెరికా నుంచి వచ్చినప్పుడు నాకొక ఎర్ర సీసా తెచ్చింది. మూత తియ్యకముందే దాని గుణగణాలు చెప్పడం మొదలుపెట్టింది. పూల వాసనా, చెక్క వాసనా కలిసిన రకమట. నిండుగా, నెమ్మదిగా, తనమీద తనకి నమ్మకంతో ఉండే నడివయసు స్త్రీకి నప్పుతుందట. కాలేజీ పిల్లలకి బరువైపోతుందట. పగటి కన్నా సాయంత్రం ఫంక్షన్లకి బావుంటుందట. "షాపులో అమ్మాయి నీ గురించి నాలుగు ప్రశ్నలడిగి మరీ ఇది తీసిచ్చింది" అంది. ఆ నాలుగింటికీ వదిన ఏం జవాబులు చెప్పిందో నేనడగలేదు.

సీసా మీద పేరు చూసి మాత్రం నవ్వాపుకోలేకపోయాను. 'సంసార'. పారిస్‌లోని గెర్లాఁ కంపెనీ 1989లో తెచ్చిన సెంటు. జాఁ-పాల్ గెర్లాఁ తయారుచేశాడు. జాజిపూలూ గంధపు చెక్కా దీనికి ప్రాణం. వాళ్ళు ఆ మాటని జన్మల చక్రం అన్న అర్థంలో తీసుకున్నారు. మనకి సంసారమంటే పొయ్యి, పాలవాడి బాకీ, అత్తగారి మోకాళ్ళ నొప్పులు. సంసారపక్షంగా ఉండటమంటే సెంటు కొట్టుకోకుండా ఉండటమే అని నమ్మే ఊళ్ళో పెరిగినదాన్ని నేను. ఘుమఘుమలాడుతూ వీధిలో నడిచిన ఆడదాని గురించి అరుగుల మీద ఏం మాట్లాడుకునేవారో మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు.

అమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. "ఏదే, ఇలా చూపించు" అంది. నా మణికట్టు ముక్కు దగ్గర పెట్టాను. "మల్లె కాదే, జాజి" అంది. చెయ్యి వదల్లేదు. కాసేపటికి, "అడుగున గంధం ఉంది" అంది.

సరిగ్గా అంతే. పూల వాసన ముందొచ్చి కొన్ని గంటల్లో పల్చబడిపోతుంది. గంధం బరువైంది, నిదానంగా తెలుస్తుంది, చివరిదాకా ఉంటుంది. కనౌజ్‌లో అత్తరు చేసేవాళ్ళు రాగి డేగిశాలో పూలని ఉడికించి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి పట్టేది అందుకే. పువ్వు నిలబడాలంటే గంధం కావాలి. ఇవేవీ చదవకుండానే అమ్మ ముక్కుకి తెలిసింది. తెలియక? మా ఇంట్లో సాన మీద గంధం తీసిన చెయ్యి ఆమెదే.

నాన్న 1971లో పోయాడు. అప్పటికి అమ్మకి 34 ఏళ్ళు, నాకు 11. మరుసటేడు శ్రావణ శుక్రవారం పేరంటానికి అమ్మ వంటింట్లోనే కూర్చుని గంధం అరగదీసి గిన్నె నా చేతికిచ్చింది. హాల్లోకి రాలేదు. కాళ్ళకి పసుపు, నుదుట కుంకుమ, మెడకి గంధం, తల్లోకి పూలు. వరసలో అందరికీ అయ్యాక గిన్నెలో మిగిలింది తీసుకుని వంటింట్లోకి పరిగెత్తాను. అమ్మ మెడ దాకా వెళ్ళిన నా చెయ్యిని మా మేనత్త గట్టిగా పట్టుకుంది. అమ్మే "తప్పమ్మా" అంది.

ఇది మాత్రమే అయితే నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు. 1989లో మా గృహప్రవేశం. అప్పటికి నేను స్త్రీల కథలు చదువుతున్నాను, సభల్లో వాదిస్తున్నాను. నా ఇల్లు, నా గంధం గిన్నె. వరసగా రాసుకుంటూ వచ్చాను. అమ్మ నాకు ఇబ్బంది లేకుండా ముందే తలుపు వారకి జరిగి నిలబడింది. నేను దాటుకుని పక్కావిడ దగ్గరకి వెళ్ళిపోయాను. ఈసారి నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు.

ఏ సువాసన ఏ స్వభావానికి నప్పుతుందో సెంటు షాపువాళ్ళు ఇప్పుడు కొత్తగా చెబుతున్నారు గానీ మన దగ్గర ఆ పట్టిక ఎప్పుడో తయారైంది. పువ్వూ గంధమూ కలిపి ఎవరికి నప్పుతాయి? మొగుడు బతికున్నవాళ్ళకి. స్వభావంతో పనే లేదు. మా మేనత్త పరమ గయ్యాళి, ఆమెకి నప్పాయి. (గంధపు చెట్టు పక్క చెట్ల వేళ్ళలోంచి సారం లాక్కుని పెరుగుతుందని చదివినప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చింది.) పెళ్ళిళ్ళలో మగవాళ్ళకి గంధం ఇచ్చేటప్పుడు పెళ్ళాం ఉందా పోయిందా అని ఎవరడుగుతారు? నిండుగా, నెమ్మదిగా, తనమీద తనకి నమ్మకంతో ఇద్దరు పిల్లల్ని పెంచుకొచ్చిన మనిషికి మాత్రం 34 ఏళ్ళపాటు నప్పలేదు.

"నీకు రాస్తానమ్మా" అన్నాను.

అమ్మ వదిన వైపు చూసింది. వదిన సూట్‌కేసులో దేనికోసమో వెతుకుతోంది.

"అది కొట్టుకునేది కదే."

రెండు వేళ్ళ మీద కొట్టుకుని, అమ్మ మెడకి అటూ ఇటూ రాశాను, గంధం రాసినట్టే. చర్మం వదులుగా, వెచ్చగా ఉంది. ఆ చోట నేను ముట్టుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను. అమ్మ ఏమీ అనలేదు. పమిట సర్దుకుని మళ్ళీ చిక్కుడుకాయలు దగ్గరకి లాక్కుంది.

సాయంత్రం పక్కింటి కోడలు పెరుగు తోడుకోసం గిన్నె పట్టుకొచ్చింది. గుమ్మంలోనే ఆగి, "ఏంటి పిన్నిగారూ, ఇల్లంతా ఘుమఘుమలాడిపోతోంది, పేరంటంగానీ పెట్టారా?" అంది.

అమ్మ తలెత్తకుండానే, "ఊఁ, మా అమ్మాయి పెట్టింది" అంది.