ఆడనివ్వని ఆట

చిన్నప్పుడు మా ఇంట్లో రాత్రి అన్నాలవేళ దాదాపు రోజూ ఒక బాక్సింగ్ పోటీ జరిగేది. నాన్న పెరుగన్నం కలుపుకుంటూ అన్నయ్యని అడిగేవాడు. "ఒరేయ్, 1967 నాటి అలీ, 1988 నాటి టైసన్. పదిహేను రౌండ్లు. ఎవరు?" అన్నయ్య టైసన్ అనేవాడు. "ఆరో రౌండు దాకా టైసనే. ఆ తర్వాత వాడికి ఆయాసం. అలీ వాడి చేతికి దొరకడు" అని నాన్న తీర్పు చెప్పేవాడు. మర్నాడు జో లూయీ, రాకీ మార్సియానో. ఆ మర్నాడు జాక్ డెంప్సీ, జో ఫ్రేజియర్. పాత డైరీలో పదహారు మంది హెవీవెయిట్ ఛాంపియన్ల పేర్లు రాసుకుని, గెలిచినవాడి పేరు కింద గీత గీస్తూ ఇద్దరూ నెలల తరబడి ఒక టోర్నమెంటు నడిపేవాళ్ళు.

నాన్నకి ఈ పిచ్చి పెళ్ళికి ముందు నుంచీ ఉంది. 1980లో అలీ మద్రాసు వచ్చి ప్రదర్శన పోటీ చేసినప్పుడు నెల్లూరు నుంచి రైలెక్కి వెళ్ళి చూసొచ్చాడు. ఆ కథ మేం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు.

నన్ను మాత్రం ఎప్పుడూ ఎవరు గెలుస్తారని అడగలేదు. అమ్మా నేనూ వడ్డించేవాళ్ళం. మజ్జిగ గిన్నె పట్టుకుని నిలబడి వినీవినీ ఎవరి బరువెంతో, ఎవరు ఎవర్ని ఏ రౌండులో పడగొట్టారో నాకు నోటికొచ్చేసింది. నాకు వచ్చన్న సంగతి ఎవరికీ తెలీదు. ఇప్పుడు నాన్నకి డెబ్భయ్యేళ్ళు. అదే ఆట మనవడితో మొదలుపెట్టాడు. వాడి చెల్లెలు పక్కన కూచుని వింటోంది. ఆ పిల్లని చూశాక ఈ ఆట గురించి రాయాలనిపించింది.

ఈ ఆటకి ఒకటే నియమం. ఇద్దర్నీ వాళ్ళవాళ్ళ మంచి వయసులో తీసుకోవాలి. మిగతాదంతా వాదనే. 1915లో హవానాలో జాక్ జాన్సన్, జెస్ విలార్డ్‌ల పోటీ నలభై అయిదు రౌండ్లకి పెట్టారు. ఇరవై ఆరో రౌండులో జాన్సన్ పడిపోయాడు. తర్వాత టైటిల్ పోటీలు పదిహేను రౌండ్లయ్యాయి, ఇప్పుడు పన్నెండు. 49 పోటీల్లో ఒక్కటీ ఓడకుండా 1956లో విరమించుకున్న మార్సియానో బరువు 185 పౌండ్ల దగ్గర ఉండేది. ఈనాటి లెక్కలో అతను హెవీవెయిట్ కాదు. 200 పౌండ్ల లోపువాళ్ళ క్రూయిజర్‌వెయిట్‌లోకి వస్తాడు. ఆరడుగుల తొమ్మిదంగుళాల టైసన్ ఫ్యూరీ ముందు అతన్ని నిలబెట్టడం న్యాయమేనా? నాన్న ఈ ప్రశ్నలన్నీ వేసుకునేవాడు. అందుకే ఆయన ఆట నాకు చాలాకాలం నిష్పాక్షికమైన లెక్కలా కనిపించింది.

ఆ నమ్మకం సడలింది 1967 నాటి ఒక కంప్యూటర్ కథ చదివాక. అమెరికాలో మరీ వొరోనర్ అనే రేడియో నిర్మాత సరిగ్గా మా నాన్న డైరీలాంటి పనే చేశాడు. పదహారు మంది ఛాంపియన్ల బలాబలాలని అంకెలుగా మార్చి కంప్యూటర్‌లో వేసి, వచ్చిన ఫలితాలని నిజం పోటీల్లా రేడియోలో వినిపించాడు. చివరి పోటీలో మార్సియానో డెంప్సీని ఓడించాడు. అలీ ఫైనల్ దాకా రానేలేదు. క్వార్టర్ ఫైనల్లోనే జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు.

అది ఏ సంవత్సరమో గమనించండి. వియత్నాం యుద్ధానికి వెళ్ళనన్నందుకు 1967 ఏప్రిల్‌లో అలీ టైటిల్ లాగేసుకున్నారు. నిజం రింగ్‌లోకి అడుగుపెట్టనివ్వలేదు. అదే ఏడాది ఊహల రింగ్‌లో కూడా ఓడించారు. అలీ పరువునష్టం కింద పది లక్షల డాలర్లకు దావా వేశాడు. చివరికి కొద్దిపాటి డబ్బుకి రాజీపడి, మార్సియానోతో ఒక సినిమా పోటీకి ఒప్పుకున్నాడు. 1969లో మయామీలోని ఒక స్టూడియోలో ఇద్దరూ కెమెరా ముందు రౌండ్ల కొద్దీ కొట్టుకున్నట్టు నటించారు. మార్సియానో బరువు తగ్గించుకుని, విగ్గు పెట్టుకుని వచ్చాడు. రకరకాల ముగింపులు తీశారు. ఏది చూపిస్తారో ఇద్దరికీ చెప్పలేదు. ఆ ఆగస్టు 31న మార్సియానో విమాన ప్రమాదంలో చనిపోయాడు. 1970 జనవరిలో సినిమా విడుదలైంది. అమెరికాలో మార్సియానో పదమూడో రౌండులో అలీని నాకౌట్ చేశాడు. యూరప్‌లో చూపించిన దాంట్లో అలీ గెలిచాడు!

ఈ సంగతి తెలిసినరోజు నేను చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత నవ్వు పోయింది. ఎందుకంటే అలీని ఓడించిన ఆ జెఫ్రీస్ ఎవరో నాకు నాన్న డైరీలోంచే తెలుసు. తెలిసిందల్లా అతని బరువూ, ఎత్తూ. అతని కథ తెలీదు.

జెఫ్రీస్ 1899 నుంచి 1905 దాకా ఛాంపియన్. జాక్ జాన్సన్ 1903కే నల్లజాతి బాక్సర్లలో మేటి. ఇద్దరికీ వయసులో తేడా మూడేళ్ళే. కానీ జెఫ్రీస్ నల్లవాడితో టైటిల్ కోసం తలపడనన్నాడు. ఓటమి లేకుండా విరమించుకుని పొలం చూసుకున్నాడు. 1908లో సిడ్నీలో జాన్సన్ టామీ బర్న్స్‌ని కొట్టి ఛాంపియన్ అయ్యాకే తెల్లజాతి పరువు కాపాడమని జెఫ్రీస్‌ని వెనక్కి పిలిచారు. 1910 జులై 4న రెనోలో జరిగిన పోటీలో పదిహేనో రౌండుకి జెఫ్రీస్ పని అయిపోయింది. ఆ రాత్రి అమెరికాలో ఎన్నో ఊళ్ళలో నల్లవాళ్ళ మీద దాడులు జరిగాయి, మనుషులు చచ్చిపోయారు. బాక్సింగ్ ఫిల్ములు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్ళకూడదని 1912లో చట్టమే వచ్చింది. 1915లో జాన్సన్ ఓడిపోయాక, 1937లో జో లూయీ వచ్చేదాకా ఇరవై రెండేళ్ళు ఏ నల్లజాతి బాక్సర్‌కీ హెవీవెయిట్ టైటిల్ కోసం ఆడే అవకాశం ఇవ్వలేదు. డెంప్సీ ఛాంపియన్‌గా ఉన్న ఏడేళ్ళూ హ్యారీ విల్స్ అతనితో పోటీకి ఎదురుచూశాడు. కాగితాల మీద సంతకాలయ్యాయి గానీ పోటీ కాలేదు.

అప్పుడు నాకర్థమైంది, "వీళ్ళిద్దరూ తలపడి ఉంటే" అనే మాటలో రెండు రకాల 'ఉంటే'లు ఉన్నాయని. అలీ, టైసన్ తలపడకపోవడానికి కారణం కాలం. అందులో ఎవరి తప్పూ లేదు, హాయిగా వాదించుకోవచ్చు. డెంప్సీ, విల్స్ తలపడకపోవడానికి కారణం మనుషులు. 1903లో జెఫ్రీస్, జాన్సన్ తలపడకపోవడానికీ మనుషులే కారణం. నాన్న డైరీలో ఈ రెండూ ఒకే వరసలో, ఒకే సిరాతో ఉండేవి. నిజానికి విల్స్ పేరు ఆ డైరీలోనే లేదు. ఛాంపియన్ కానివాడికి అందులో చోటులేదు. ఛాంపియన్ కానివ్వలేదన్న విషయం అంకెల్లోకి రాదు.

డైరీలోకి రానివి ఇంకా ఉన్నాయి. టైసన్ పేరు పక్కన ఎన్ని నాకౌట్లో ఉండేవి. అత్యాచారం కేసులో 1992లో శిక్షపడి మూడేళ్ళు జైల్లో ఉన్నాడన్నది ఉండేది కాదు. "1988 నాటి టైసన్" అంటే 1992 లేని టైసన్ అన్నమాట. మగవాళ్ళని వాళ్ళ మంచి వయసులో మాత్రమే చూడాలన్న నియమం ఎంత సౌకర్యమైనదో!

వేర్వేరు తరాల వాళ్ళు నిజంగా తలపడ్డ సందర్భాలూ ఉన్నాయి. 1951లో పన్ను బాకీల కోసం మళ్ళీ రింగ్‌లోకి దిగిన ముప్ఫయ్యేడేళ్ళ జో లూయీని మార్సియానో ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. 1980లో ముప్ఫయ్యెనిమిదేళ్ళ అలీని లారీ హోమ్స్ కొడుతుంటే, చూడలేక పదో రౌండు తర్వాత పోటీ ఆపించారు. ఊహలో ఇద్దరూ యవ్వనంలోనే ఉంటారు. నిజంలో ఎవరో ఒకరు ముసలివాళ్ళవుతారు.

మరి ఆడవాళ్ళు? నాన్న డైరీలో పదహారు గళ్ళలో ఒక్కటైనా వాళ్ళకి లేదు. ఉండడానికి రికార్డులేవి? ఆడవాళ్ళు ఎప్పట్నుంచో కొట్లాడుతూనే ఉన్నా, ఒలింపిక్స్‌లో వాళ్ళ బాక్సింగ్‌కి చోటు దొరికింది 2012లో. బ్రిటన్‌లో 1998లో జేన్ కౌచ్ కేసు వేసి గెలిస్తేగానీ లైసెన్సు ఇవ్వలేదు. నెలసరికి ముందు ఆడవాళ్ళ మనసు నిలకడగా ఉండదన్నది అవతలివాళ్ళ వాదనల్లో ఒకటి! 2001లో లైలా అలీ, జాకీ ఫ్రేజియర్ తలపడితే జనం దాన్ని వాళ్ళ నాన్నల నాలుగో పోటీ అన్నారు. లైలా అలీ, ఆన్ వోల్ఫ్‌ల పోటీ జరగనేలేదు. 2025 ఫిబ్రవరిలో క్లారెస్సా షీల్డ్స్ మహిళల్లో తొలి తిరుగులేని హెవీవెయిట్ ఛాంపియన్ అయింది. ఆమెకీ లైలాకీ పోటీ పెడితే ఎవరు గెలుస్తారని ఇప్పుడు వాదించుకుంటున్నారు. ఆ వాదన వింటే నాకు సంతోషమేసింది. వాదించుకోడానికి కనీసం రెండు పేర్లున్నాయి కదా!

మన నిఖత్ జరీన్ సంగతి గుర్తుందా? ఈ నిజామాబాద్ అమ్మాయి 2019లో, ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కి మేరీకోమ్‌ని నేరుగా పంపొద్దు, ఇద్దరికీ పోటీ పెట్టండి అని బహిరంగంగా అడిగింది. ఎంత పొగరు అన్నారు చాలామంది. డిసెంబరులో పోటీ పెట్టారు. 9-1తో మేరీకోమే గెలిచింది. తనకన్నా పదమూడేళ్ళు పెద్దదాని చేతిలో ఓడిపోయింది నిఖత్. 2022లో ప్రపంచ ఛాంపియన్ అయింది, 2023లో మళ్ళీ అయింది. ఆ ఓటమిని నేను గౌరవంతో తలుచుకుంటాను. ఆమె అడక్కపోతే అది కూడా ఒక 'ఉంటే' అయిపోయేది.

నా పరిశోధన తొలితరం కథా రచయిత్రుల మీద. మౌఖిక పరీక్షలో ఒక పెద్దమనిషి "అచ్చమాంబ గురజాడ ముందు నిలబడగలదా అమ్మా?" అని అడిగాడు. అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లో వచ్చింది, గురజాడ 'దిద్దుబాటు' 1910లో. తమ్ముడికి మాస్టారు పాఠం చెబుతుంటే పక్కన కూచుని చదువు నేర్చుకున్న మనిషామె. ఆ ప్రశ్నకి ఆరోజు నేను కథల శిల్పం గురించి ఏదో జవాబు చెప్పాను. ఇప్పుడైతే, ముందు ఆ రింగ్ ఎవరు కట్టారో మాట్లాడదాం అంటాను. తర్వాత కథలు పక్కపక్కన పెట్టి చదువుదాం. పోల్చడానికి నాకు భయం లేదు.

పోయిన సంక్రాంతికి అందరం నెల్లూరులో ఉన్నాం. నాన్న మనవణ్ణి అడుగుతున్నాడు, "లూయీనా, ఫ్యూరీనా?" నేను ఊరికే అమ్మవైపు తిరిగి, "నీకెప్పుడన్నా ఇట్లాంటి మ్యాచ్ చూడాలనిపించిందా అమ్మా?" అన్నాను. అమ్మ కాలేజీలో బాల్ బ్యాడ్మింటన్ ఆడేదని నాకు తెలుసు. పిన్నీసులు వేసుకునే చిన్న కప్పు అప్పటిదే.

అమ్మ అప్పడాలు తీస్తూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది. "నాకెందుకు లేదూ. 1981లో ఇంటర్ కాలేజీ డబుల్స్. మేం ఫైనల్‌కొచ్చాం. అవతల గూడూరు అమ్మాయిలు. శనివారం ఫైనలయితే శుక్రవారం సాయంత్రం మీ తాతయ్య వచ్చి హాస్టల్ నుంచి తీసుకెళ్ళిపోయాడు. నా జోడీ పాపం ఒక్కతే గ్రౌండుకెళ్ళి, మేం ఆడటం లేదని చెప్పొచ్చింది."

"ఎందుకు తీసుకెళ్ళాడు?" అన్నాను.

"ఆదివారం పెళ్ళిచూపులు కదా."

ఎవరి పెళ్ళిచూపులో అందరికీ అర్థమైంది. నాన్న చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆయనకీ సంగతి తెలీదు. ఆయన అడగలేదు, అమ్మ చెప్పలేదు. తెల్లజాతి పెద్దలూ, కమిషన్లూ అడ్డుపడ్డ పోటీల గురించి ఇంత చదివిన నేను, మా అమ్మ పోటీకి అడ్డుపడింది మా నాన్నని చూడబోయే ఆదివారమని ఎప్పుడూ ఊహించలేదు. నేనూ ఇన్నాళ్ళూ అడగలేదు మరి.

భోజనాలయ్యాక నాన్న వరండాలో కూచున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అమ్మ తమలపాకులు తెచ్చిస్తే తీసుకుని, మెల్లిగా అడిగాడు. "ఆ గూడూరు అమ్మాయిల్లో ఎడమచేతి వాటం వాళ్ళెవరన్నా ఉన్నారా?"

అమ్మ ఒక్క క్షణం ఆయనకేసి చూసింది. తర్వాత పక్కన కుర్చీ లాక్కుని కూచుంది. "ఒకమ్మాయి ఉంది. సర్వీసు బాగా కోసి వేసేది. కానీ నెట్ దగ్గరికి రావాలంటే భయం" అని మొదలుపెట్టింది. మనవరాలు పరిగెత్తుకొచ్చి ఆమె ఒళ్ళో కూచుంది. "ఎవరు గెలిచేవాళ్ళు నానమ్మా?" అంది.

"ఉండు, చెప్పనీ" అంది అమ్మ.