రెండున్నర వోల్టుల గుట్టు

'నిన్నటిదాకా బాగుండె కదప్పా బండి!'

హిందూపురంలో కార్ల షెడ్డు ముందు తరచూ వినిపించే మాటే ఇది. తాళం తిప్పగానే మీటరు ముళ్లు సున్నాకి పడిపోతాయి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఇంజిన్... దీపాలన్నీ ఒక్కసారే వెలుగుతాయి. కొన్ని బళ్లలో స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. ఒక్క రాత్రిలో ఇన్ని పాడవుతాయా? పాడవలేదు. వాటి మధ్య మాటలు ఆగిపోయాయంతే!

ఇప్పటి కారులో ఇంజిన్‌కో చిన్న కంప్యూటరు, బ్రేకులకో కంప్యూటరు. అవన్నీ ఒకే జత తీగల మీద కబుర్లు చెప్పుకుంటాయి. ఆ ఏర్పాటు పేరు 'క్యాన్'. జర్మనీ కంపెనీ బాష్ 1986లో దీన్ని లోకానికి చూపించింది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలయ్యాక ఈ ప్రాంతం పేరు కార్లతో ముడిపడిపోయింది. అయితే ఏ కంపెనీ బండైనా వారంటీ దాటాక చాలామందికి దిక్కు రోడ్డు పక్క షెడ్డే. కార్బురేటర్లు విప్పి చేయి తిరిగిన మేస్త్రీకి చిక్కొచ్చిందీ ఇక్కడే. ఈ జబ్బుకు చప్పుడుండదు, వాసనుండదు.

స్కానర్ పెడితే బోలెడు కోడ్లు వస్తాయి. అందులో పేరు కనిపించిన కంప్యూటరును మార్చేయడం తేలిక. బిల్లు మాత్రం వేలల్లో! మార్చాక కూడా దీపాలు ఆరకపోతే? ట్యాక్సీ తిప్పుకొని బతికేవాడికి బండి ఆగినా కిస్తీ ఆగదు కదా. అందుకే, 'అన్నా, మీటరు పెట్టి చూసినావా?' అని ముందే అడగడం మేలు.

ధర్మవరంలో పట్టు పోగులకు పురి పెట్టినట్టే ఈ రెండు తీగలకూ పురి ఉంటుంది. పట్టుకైతే గట్టిదనం కోసం. ఇక్కడ కారణం వేరు. బయటి విద్యుత్ అలజడి రెంటి మీదా ఒకేలా పడుతుంది, వాటి మధ్య తేడా చెక్కుచెదరదు. కంప్యూటర్లు చదివేది ఆ తేడానే. మౌనంగా ఉన్నప్పుడు రెండింట్లోనూ రెండున్నర వోల్టులు. మాట పలికేటప్పుడు ఒకటి 3.5కి ఎక్కుతుంది, రెండోది 1.5కి దిగుతుంది. మీటరుకు అంత వేగం అందదు కాబట్టి సగటే చూపుతుంది... ఒకటి రెండున్నరకు కాస్త పైన, మరొకటి కాస్త కింద. సున్నా చూపిందంటే తీగ బాడీకి తగులుతున్నట్టు. 12 చూపిందా, బ్యాటరీ కరెంటు అందులోకి దూరినట్టే.

వీటన్నిటికంటే ముందు బ్యాటరీని చూడాలి. ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 14 దరిదాపుల్లో ఉంటే సరే. తర్వాత బ్యాటరీ తీసేసి ఓమ్‌లు కొలవాలి. రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లుంటాయి కనుక కలిపి 60 రావాలి. 120 వస్తే ఎక్కడో తెగింది. సున్నా దగ్గరకొస్తే రెండు తీగలూ అంటుకున్నాయి. కొన్ని కొత్త కార్లలో స్కానర్ పెట్టే చోట గేట్‌వే అడ్డుంటుంది, అక్కడ కొలిస్తే లాభం లేదు. లోపలి కనెక్టరు దాకా పోవాల్సిందే. అప్పటికీ దొరక్కపోతే ఒక్కో కంప్యూటరు ప్లగ్గు పీకుతూ పోవాలి. ఏది పీకితే వోల్టేజీ దారికొస్తుందో దొంగ అక్కడున్నట్టు!

చాలాసార్లు చివరికి తేలేది ఎలుక కొరికిన తీగో, కనెక్టర్లో చేరిన నీరో, పాటల కోసం ఎవరో కోసి కలిపిన అతుకో. వంద రూపాయల సరుకు కూడా పట్టదు. వెతికిన గంటలకు మేస్త్రీ కూలి అడిగితే మాత్రం మనవాళ్లకు మనసొప్పదు!

అతుకు వేసేటప్పుడూ పురి విప్పి వదిలేయకూడదు. రెండు అతుకులూ పక్కపక్కనే పడకుండా కొంచెం ఎడం ఉంచాలి. టేపు చుట్టి, బ్యాటరీ తగిలించి, కోడ్లు చెరిపేసి, పెనుకొండ దాకా ఓసారి తిప్పి తెస్తే తెలిసిపోతుంది.