రేడియేటర్ దగ్గర దొరికిన క్రియలు

మలేషియాలో యమహా 135 ఎల్‌సీ కనిపించని వీధి ఉండదేమో. పేరులోని ‘ఎల్‌సీ’ అంటే లిక్విడ్ కూల్డ్. ఈ బండిలో ఇంజిన్‌ని గాలి ఒక్కటే చల్లబరచదు. లోపల తిరిగే కూలెంట్ వేడిని రేడియేటర్ దాకా మోసుకెళ్తుంది. నాది సెకండ్‌హ్యాండ్ బండి. కూలెంట్ చివరిసారి ఎప్పుడు మార్చారో తెలియదు. అందుకని పోయిన శనివారం నేనే మార్చాను. పక్కన మా పెదనాన్న కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

మా ఇంట్లో తెలుగు బాగా వచ్చింది ఆయనకే. బాగాన్ దాతుక్ వైపు కొబ్బరి తోటల్లో పెరిగారు. నాకు చదవడం, రాయడం కొంచెం వచ్చాయి. కానీ మా మాటలు “తిన్నావా?” “తిన్నాను” దగ్గర ఆగిపోతాయి. తర్వాత ఇద్దరం మలాయ్‌లోకి వెళ్ళిపోతాం. ఈసారి పని అయ్యేదాకా తెలుగే మాట్లాడదామని అడిగాను. సరే అన్నారు.

మొదటి క్రియ: చల్లారు. నేను అప్పుడే బజారు నుంచి వచ్చాను. ఇంజిన్ వేడిగా ఉంది. “సల్లారనీరా” అన్నారు పెదనాన్న. నా పుస్తకంలో ‘చల్లారనివ్వు’ అని ఉంది. మా పెద్దవాళ్ళు ఉత్తరాంధ్ర నుంచి వచ్చారు. అక్కడ చాలామంది ‘చ’ని ‘స’ అంటారు. నోట్‌బుక్‌లో రెండూ రాసుకున్నాను.

ఎందుకు చల్లారనివ్వాలి? నీళ్ళు మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత బిగించి ఒత్తిడి పెంచితే 100 దాటినా మరగవు. ప్రెషర్ కుక్కర్‌లాగే. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే ఒత్తిడి పోతుంది, నీళ్ళు ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. నేను ‘ఒత్తిడి’ అంటే పెదనాన్నకి అర్థం కాలేదు. కుక్కర్ సంగతి చెప్పాక, “ఓ, ఆవిరి బలమా!” అన్నారు. నాకు ఆ మాటే నచ్చింది.

రెండో క్రియ: కారు. ఇది రోడ్డు మీద వెళ్ళే కారు కాదు. నీళ్ళు కారతాయి, చెమట కారుతుంది, ముక్కు కూడా కారుతుంది. కింద బేసిన్ పెట్టి, డ్రెయిన్ బోల్టు విప్పాను. ఎర్రగా తుప్పు నీళ్ళు కారాయి. ఎవరో కూలెంట్ బదులు కుళాయి నీళ్ళు పోసినట్టున్నారు. మన దగ్గర మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు అనుకుంటారు. కానీ కూలెంట్ పని గడ్డకట్టకుండా చూడడం ఒక్కటే కాదు. అది తుప్పు పట్టనివ్వదు, తొందరగా మరగదు కూడా. కుళాయి నీళ్ళలోని ఖనిజాలు లోపల గారలా పేరుకుంటాయి.

బేసిన్ దగ్గరికి పిల్లి వచ్చింది. పెదనాన్న చెప్పు విసిరి తరిమారు. మంచి పని చేశారు. చాలా కూలెంట్లలో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. అది తియ్యగా ఉండే విషం. పాతది కాలవలో పొయ్యకుండా డబ్బాలో పట్టి మూత పెట్టాను.

డిస్టిల్డ్ వాటర్ పోసి, తేటగా వచ్చేదాకా కడిగాను. బోల్టుకి కొత్త వాషర్ వేసి బిగించాను. కొత్త కూలెంట్ మెల్లగా పోశాను. మూత తీసి ఉంచి, ఇంజిన్ స్టార్ట్ చేసి, బండిని అటూ ఇటూ ఊపాను. బుడగలు వచ్చాయి. “కడుపులో గాలి పట్టిందా దానికి?” అన్నారు పెదనాన్న. అవును, అదే! లోపల గాలి మిగిలితే కూలెంట్ సరిగ్గా తిరగదు. బుడగలు ఆగాక, తగ్గినంత పోసి మూత పెట్టాను. మర్నాడు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పక్క ట్యాంకులో రెండు గీతల మధ్య ఉందో లేదో చూశాను. ఉంది.

రేడియేటర్‌కి తెలుగు మాట వెతికితే ‘ఉష్ణ వికిరణి’ అని ఒకటి దొరికింది. పెదనాన్నకి చదివి వినిపించాను. “ఆ పేరు చెప్తే కొట్టువాడు నీకు పంచాంగం ఇస్తాడు” అని నవ్వారు. ఆయన రేడియేటర్‌ని రేడియేటర్ అనే అన్నారు. బోల్టు బోల్టే. కానీ విప్పు, కారు, కడుగు, పొయ్యి, ఊపు, బిగించు అన్నీ తెలుగే. వస్తువు పేరు ఏ భాషదైనా, దాంతో చేసే పని తెలుగులో చెప్పొచ్చు. అందుకే ఇప్పుడు నామవాచకాల జాబితా పక్కన పెట్టి క్రియలు రాసుకుంటున్నాను. గంటన్నర మాట్లాడాం. మలాయ్ రెండు మూడు సార్లే వచ్చింది.

వచ్చే శనివారం ‘సైను’ బిగించాలట. అంటే చైన్. వదులుగా ఉందని పెదనాన్నే కనిపెట్టారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ‘చల్లారనివ్వు’ని ఎలా పలుకుతారు? ఒకసారి అడిగి చూడండి.