బండలమ్మిన డబ్బుతో వానచదువు

మా తాండూరు చెల్లెలి కూతురు, పట్నాల్లో వరదను ముందే పసిగట్టే విద్యలో డాక్టరేటు చేయడానికి నెదర్లాండ్స్ ప్రయాణమైంది. నాకు నవ్వొచ్చింది. 1908లో హైదరాబాదును ముంచిన మూసీ పుట్టింది మా వికారాబాద్ అనంతగిరిలోనే కదా, వరద పుట్టింటిని వదిలి అంతదూరం పోవాలా?

"పుట్టిల్లు కాదు పెద్దమ్మా, అత్తిల్లు చూడాలె" అంది. కురిసిన వానలో నేల పీల్చేదెంత, మిగిలింది ఏ వీధికి ఎన్ని గంటల్లో చేరుతుంది, అదీ లెక్క. నేలంతా కప్పేస్తే పీల్చేదేముంది? 2020 అక్టోబరులో పట్నం మునగడానికి అదీ ఒక కారణమేనట.

మా మరిది మొహం చిన్నబోయింది. ఆయనది బండల వ్యాపారం. పిల్ల విమానం టిక్కెట్టూ ఆ డబ్బే.

"తప్పు నా బండలదేనా, బిడ్డా?"

"బండలది కాదు నాయినా, సందుల్ల సిమెంటు పూసుడుది."

మర్నాడు ఆయన తన వాకిట్లో బండల మధ్య వేలెడు సందు వదిలించి, ఇసక పోయించాడు. గడ్డి మొలుస్తుందని మా చెల్లెలు ఇంకా సణుగుతూనే ఉంది.