మెట్టు వెడల్పు

త్రికోణపు స్కేలు 1:50 అంచు మీద రెండు సెంటీమీటర్లంటే ఒక మీటరు. ఆ లెక్కన సూరత్‌ డిండోలిలోని మా ఇల్లు అరచేతిలో ఇమిడిపోతుంది. తెలంగాణ నుంచి సూరత్ మరమగ్గాల మీదికి వచ్చిన మా పద్మశాలీల ఇళ్లలో వంటా, నిద్రా అంతా ఒకే గదిలో. రాత్రి షిఫ్టు దిగి నాన్న నిద్రపోతుంటే మేం మెట్ల మీద చదువుకునేవాళ్లం.

శిక్షణకు చేరిన ఆర్కిటెక్ట్ ఆఫీసులో ఇప్పుడు నేను గీస్తున్నది మెట్లే. కాగితం మీద అవి ఎక్కడానికి, దిగడానికి మాత్రమే. ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషీ ఇందోర్‌లోని 'అరణ్య' కాలనీ ఇళ్లకు వీధివైపు అరుగులూ, బయటి మెట్లూ ఇచ్చారు. మనుషులు అక్కడే కూర్చుంటారని ఆయనకు తెలుసు. ఇంటి మెట్టుకు నిబంధన ప్రకారం కనీస వెడల్పు 250 మిల్లీమీటర్లు. పుస్తకం పట్టుకుని కూర్చునే పిల్లకి అది చాలదు. మరో 50 కలపమని సార్‌ని అడుగుతాను.